చిన్న బేస్ ఆంప్‌లోంచి పగలకుండా గట్టిగా సౌండ్ రాబట్టడం

25 వాట్ల ఆంప్, 8 అంగుళాల స్పీకర్, ఇంట్లో వాయించుకుంటే ముచ్చటగా ఉంటుంది. రిహార్సల్‌లో డ్రమ్స్ మొదలవగానే మాత్రం వినపడదు, వాల్యూమ్ పెంచితే బర్రుమంటుంది. కొత్త ఆంప్ కొనే ముందు ఉన్నదాన్ని సరిగ్గా వాడి చూడండి.

అన్నిటికంటే ముందు బేస్ నాబ్ తగ్గించండి. బేస్ గిటార్ కదా అని దాన్ని మూడొంతులు తిప్పి పెట్టేవాళ్లే ఎక్కువ, ఆంప్ ఊపిరి తీసేది అదే. ఓపెన్ ఈ స్ట్రింగ్ దాదాపు 41 హెర్ట్జ్. స్వరం ఒక ఆక్టేవ్ కిందికి దిగితే, అంతే శబ్దం రావడానికి స్పీకర్ కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం ఊగాలి, ఆ చిన్న కోన్‌కి అంత చోటెక్కడిది? పైగా మన చెవికి కింది శబ్దాలు సరిగా ఆనవు కూడా. అంటే ఆంప్ పవర్‌లో పెద్ద వాటా ఎవరికీ వినపడని దానికే ఖర్చవుతోందన్నమాట. 82, 123 హెర్ట్జ్‌లలో వచ్చే హార్మోనిక్స్, అంటే అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలు, వినిపిస్తే చాలు, అది ఈ స్వరమేనని మెదడు పోల్చుకుంటుంది.

బేస్ తగ్గించాక మిడ్ పెంచండి, ముఖ్యంగా 250 నుంచి 800 హెర్ట్జ్ మధ్య. ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టు ఉంటుంది, నచ్చదు, తెలుసు. బ్యాండ్‌తో కలిపి వినండి, అప్పుడు మాట్లాడదాం. ఆంప్ మీద కాంటూర్ లాంటి బటన్ ఉంటే ఆపేయండి, చాలా ఆంప్‌లలో అది మిడ్స్‌నే కోసేస్తుంది.

తర్వాత గెయిన్, అంటే గిటార్ నుంచి వచ్చే సిగ్నల్‌ని ఆంప్ మొదట్లోనే ఎంత పెంచాలో చెప్పే నాబ్. మీరు వాయించేంత గట్టిగా స్ట్రింగ్ మీటుతూ గెయిన్ పెంచుకుంటూ వెళ్లండి, సౌండ్ ఎక్కడ పగలడం మొదలైందో అక్కడి నుంచి కొంచెం వెనక్కి తిప్పి వదిలేయండి, ఇక కావలసిన శబ్దమంతా మాస్టర్ నాబ్‌తోనే. గెయిన్, మాస్టర్ విడిగా లేకుండా ఒకే వాల్యూమ్ నాబ్ ఉంటే గిటార్ మీద వాల్యూమ్ కాస్త దించి చూడండి. యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్న గిటార్) అయితే 9 వోల్టుల బ్యాటరీ ఒకసారి మార్చండి, అది నీరసించినా సౌండ్ పగులుతుంది, నింద మాత్రం ఆంప్ మీద పడుతుంది.

చేతి బరువు కూడా తగ్గాలి. గట్టిగా పీకితే వచ్చే ఆ మొదటి దెబ్బకే ఆంప్ హద్దు దాటేది. తేలిగ్గా, సమంగా మీటి మాస్టర్ పెంచుకోండి. కంప్రెసర్ పెడల్ చేసేదీ ఇదే పని. డబ్బు ఒక్క పెడల్‌కే ఉంటే మాత్రం నేనైతే 40-50 హెర్ట్జ్ కింద కోసేసే హై పాస్ ఫిల్టర్ కొంటాను.

ఆంప్‌ని నేల మీద గోడకి ఆనించి పెడితే కింది శబ్దాలు పెరుగుతాయి, మూలలో ఇంకా ఎక్కువ, ఆ మేరకు బేస్ నాబ్ మరింత దించవచ్చు. అది కాళ్ల దగ్గర మోగుతూ మీకే వినపడకపోతే కుర్చీ మీదికి ఎక్కించండి.

వాట్ల సంగతి. 25 నుంచి 50కి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 కావాలి, అంటే పది రెట్ల పవర్. స్పీకర్ పెద్దదైతే లెక్క మారుతుంది, 1960లో వచ్చిన ఆంపెగ్ బి-15 కూడా 25 వాట్లదే, కాకపోతే అందులో 15 అంగుళాల స్పీకర్ ఉంది. మీ ఆంప్‌కి ఎక్స్‌టెన్షన్ స్పీకర్ జాక్ ఉంటే ఇంకో క్యాబినెట్ కలపండి, కానీ ఆంప్ వెనక రాసిన కనీస ఓమ్స్ (స్పీకర్ నిరోధం) చూసుకోండి. రెండు 8 ఓమ్స్ స్పీకర్లు ప్యారలల్‌లో కలిస్తే 4 అవుతాయి, 4కి దిగలేని ఆంప్ కాలిపోవచ్చు.

ఫంక్షన్ హాల్లోనో చర్చిలోనో వాయించేటప్పుడు ఇంత తంటా అక్కర్లేదు. లైన్ అవుట్ నుంచి మిక్సర్‌కి పంపి, ఆంప్‌ని మీ మానిటర్‌గా ఉంచుకోండి. లైన్ అవుట్ లేకపోతే గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చి పంపే చిన్న పెట్టె) పెట్టండి. స్పీకర్ అవుట్‌ని మాత్రం నేరుగా మిక్సర్‌లో గుచ్చకండి, సౌండ్ అతను ఎంత తొందర పెట్టినా సరే.