కోరింగ మడ అడవికి క్యారేజీ కట్టే ముందు

కోరింగ అభయారణ్యం కాకినాడకు దగ్గరే కదా, లోపల తినడానికి ఏదో ఒకటి దొరక్కపోదులే అని బయల్దేరకండి. టిఫిన్ ఊళ్లోనే ముగించి, మధ్యాహ్నానికి క్యారేజీ పట్టుకెళ్లడం మేలు.

అందులో నమ్మకమైనది పులిహోరే. కిలో బియ్యానికి 100 గ్రాముల చింతపండు వేస్తే ఏడెనిమిది మందికి సరిపోతుంది. రాత్రి కాదు, తెల్లారుజామునే వండండి. అన్నం పలుకుగా దించి, వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, నూనె, పసుపు, పులుసు కలిపి, ఆవిరి పూర్తిగా పోయాకే డబ్బాకెత్తాలి. వేడిమీద మూత బిగిస్తే ఆవిరి నీరై అన్నంలోకే దిగుతుంది. ఈ తీరపు ఉక్కకు మధ్యాహ్నానికల్లా జిగురొస్తుంది. కొబ్బరి పచ్చడి, ఉల్లిపాయ కూరలు అసలొద్దు. పెరుగన్నానికైతే కాచి చల్లార్చిన పాలే ఎక్కువ పోసి, చెంచాడు పెరుగు వేయండి. తినేవేళకు తోడుకుంటుంది, పులవదు.

రొయ్యల వేపుడు మూటగట్టుకెళ్లే సరదా మానుకోండి. తిరిగొచ్చాక హోటల్లో వేడివేడిగా తినొచ్చు.

నీళ్లు మనిషికి రెండు లీటర్లు. పాయల్లో నీరు ఉప్పన, పుక్కిలించడానికీ పనికిరాదు. చేతులు కడగడానికి విడిగా ఒక క్యాను ఉంచుకోండి. పడవ ఎక్కితే ఆటుపోట్లను బట్టి ఆలస్యం కావచ్చు. పిల్లలకు అరటిపళ్లు, జంతికలు సంచిలో పైనే ఉండాలి.

పొయ్యి, గ్యాస్ స్టవ్ ఇంట్లోనే వదిలేయండి. అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ప్లాస్టిక్ ప్లేట్లకు బదులు అరిటాకులు తీసుకెళ్లి, ఎంగిలాకులు కూడా సంచిలో వెనక్కి తేవాలి. కవరు ఒకసారి మడ వేళ్లలో చిక్కిందా, ఆ బురదలో దిగి తీసేవాడుండడు.