పచ్చళ్లు సర్దేముందు ఒక్కసారి ఇది చదవండి

ఆవకాయలు పెట్టేసాం, ఇంక ఆగస్టు దాకా మన గుంటూరు, బెజవాడల్లో ఏ ఇంట్లో చూసినా హాల్లో సూట్‌కేసులే, సెలవలకొచ్చిన పిల్లలు తిరిగెళ్తుంటారు, కొత్తగా ఎంఎస్‌కెళ్లేవాళ్లుంటారు, తూకం మిషన్ మీద 23 కిలోలు దాటిందా లేదా అదే గోల. తూకం కన్నా ముందు చూస్కోవాల్సింది కస్టమ్స్.

పోయినేడు మా అమ్మాయి అమెరికా వెళ్తుంటే అన్నీ నేనే సర్దాను, చివర్లో పెరట్లో కరివేపాకు నాలుగు రెబ్బలు తుంపి పేపర్లో చుట్టి చీర మడతలో పెట్టాను, దానికి చెప్పలేదు. అక్కడ దిగాక కస్టమ్స్ వాళ్లు ఫుడ్ ఏముందని అడిగితే పచ్చళ్లు, పొడులు అంది పాపం. ఇంతలో వాళ్ల వాసన పట్టే బీగిల్ కుక్క వచ్చి సరిగ్గా ఆ సూట్‌కేస్ పక్కనే కూర్చుంది. అంతా విప్పించారు, చీరతో సహా, ఫైన్ వెయ్యలేదు గానీ తర్వాతి ఫ్లైట్ పోయింది, రాత్రంతా పిల్ల ఎయిర్‌పోర్ట్‌లో ఒక్కతే కూర్చుంటే నాకిక్కడ కన్ను మూతపడలేదు.

కరివేపాకు మీద వాళ్లకంత పట్టింపెందుకంటే అది నిమ్మ, బత్తాయి కుటుంబం మొక్కే, సిట్రస్ గ్రీనింగ్ అనే తెగులు మోసే పురుగు దానిమీదా బతుకుతుంది, 2005లో ఫ్లోరిడాలో ఆ తెగులు బయటపడ్డాక నారింజ తోటలు ఎన్నో పోయాయి. ఎండబెట్టి పొడి కొట్టి పంపండి, పచ్చి రెబ్బ మాత్రం వద్దు. మామిడిపళ్లు, విత్తనాలు కూడా వద్దు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి అసలు పెట్టకండి, ఎంత బాగా సీల్ చేసినా తీసేస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం, ఏముందో దాచకుండా చెప్పమనండి. చెప్తే మహా అయితే ఆ డబ్బా తీసి పడేస్తారు. చెప్పకుండా దొరికితే అమెరికాలో 10,000 డాలర్ల దాకా ఫైన్ వెయ్యొచ్చు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్లయితే ఇంకా గట్టి, కార్డులో ఫుడ్ దగ్గర ఎస్ అని టిక్ పెట్టాల్సిందే.

దుబాయ్, సౌదీ, సింగపూర్ వెళ్లేవాళ్లకి గసగసాలు ఒక్క గింజ కూడా వద్దు, అక్కడది మత్తుమందు కేసు కింద లెక్క. మసాలాపొడిలో కలిపారేమో కూడా అడిగి కొనండి.

ఎండుకొబ్బరి చిప్పలు విమానంలో ఒప్పుకోరు, నూనె ఎక్కువుండి అంటుకుంటుందని. కారం, పచ్చడి చేతి బ్యాగులో పెడితే ఇక్కడే తీయించేస్తారు, చెక్ఇన్‌లోనే పెట్టండి. కొట్లో ఫారిన్ ప్యాకింగ్ అని చెప్తే వ్యాక్యూమ్ సీల్ చేసిస్తారు, ఇంటి పచ్చడైతే పైన తేలిన నూనె కొంచెం వంచేసి రెండు కవర్లు వేసి ఇంగ్లీషులో పేరు రాసి అతికించండి, తిండి సామానంతా ఒకే పెట్టెలో పైనే ఉండాలి, అడగ్గానే తీసి చూపించేలా.

అటునుంచి వచ్చేవాళ్లకి మందు మనిషికి 2 లీటర్ల దాకానే డ్యూటీ లేదు.