మాటల పుట్టుక – మూడో పాఠం: ముందు వయసు అడగాలి

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. ఏదైనా మాట ఎలా పుట్టిందో మీ ఇంట్లోనో ఊళ్లోనో చెప్పుకునే కథ ఒకటి తీసుకుని, దాన్ని ఒకే వాక్యంలో రాయమన్నాను. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏ మాటను ఎలా మార్చారు అన్నది అందులో ఉండాలి. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఈ పాఠంలో దానికి వయసు కడదాం.

సూత్రం చిన్నదే. కథలో చెప్పిన సంఘటన కన్నా మాట పాతదైతే ఆ కథ నిలవదు. కొడుకు పుట్టాక తండ్రి పుట్టడు కదా. మాట అర్థం కన్నా ముందు దాని వయసు అడగమనేది అందుకే.

మనకు బాగా తెలిసిన ఊరితో మొదలుపెడదాం. బెజవాడ ఎండలు తట్టుకోలేక ఇంగ్లిషు దొరలు ఆ ఊరిని 'బ్లేజ్‌వాడ' అన్నారని, అదే నోళ్లలో నాని బెజవాడ అయిందని చాలామంది చెబుతారు. ఇంగ్లిషులో బ్లేజ్ అంటే మంట. మే నెలలో ఆ ఊళ్లో ఒక్క మధ్యాహ్నం గడిపినవాళ్లకు ఈ కథ మీద వెంటనే నమ్మకం కుదురుతుంది. చిక్కు అక్కడే ఉంది. ఎండ నిజం కాబట్టి కథ కూడా నిజమేననిపిస్తుంది.

ఇప్పుడు లెక్క వేయండి. ఈ కథ జరగాలంటే ఆ ప్రాంతంలో ఇంగ్లిషు మాట్లాడేవాళ్లు ఉండాలి. ఈస్టిండియా కంపెనీ వాళ్లు మచిలీపట్నంలో దిగింది 1611లో. అంటే అంతకు ముందు ఈ కథకు చోటు లేదు. దీన్ని 'కథ గడువు' అందాం. కాగితం మీద ఎడమవైపు 1611 అని రాయండి.

ఇక కుడివైపు మాట వయసు రాయాలి. బెజవాడలోనే చాళుక్య రాజు యుద్ధమల్లుడి శాసనం దొరికింది. నన్నయ కన్నా ముందుది, తెలుగు పద్యాల్లో చెక్కించింది. జయంతి రామయ్య పంతులు దాన్ని చదివి శాసనాలను అచ్చువేసే 'ఎపిగ్రాఫియా ఇండికా'లో ప్రకటించారు. అందులో కొమరుసామికి, అంటే కుమారస్వామికి, గుడి కట్టించిన సంగతి చెబుతూ 'బెజవాడ' అని ఊరి పేరు స్పష్టంగా ఉంది. ఇంగ్లిషు వాళ్ల ఓడ మన తీరానికి రాకముందు ఆరు వందల ఏళ్లకు పైగా ఆ ఊరు ఆ పేరుతోనే ఉంది. బ్లేజ్‌వాడ కథ అక్కడితో పోయింది. ఆ శాసనంలో ఊరి పేరు మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మన మాటకు మన రాయే సాక్ష్యం చెప్పింది.

అదే ఊరికి ఇంకో కథ ఉంది. కృష్ణమ్మకు దారి ఇవ్వడానికి కొండకు బెజ్జం పడిందని, అందువల్ల బెజ్జంవాడ, ఆపైన బెజవాడ అయిందని చెబుతారు. దీనికి గడువు కట్టి చూడండి. కట్టలేరు. పురాణ కాలానికి తేదీ లేదు. కాబట్టి ఈ పరీక్ష ఆ కథను తాకదు, అలాగని అది నిజమనీ తేల్చదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. ఒక పరీక్షకు అందని కథను నెగ్గిన కథ అనుకుంటారు. కాగితం మీద దాని ఎదురుగా 'ఇంకా చూడాలి' అని మాత్రమే రాయండి.

పొడి అక్షరాల కథలది ఇంకో రకం. మాటలో ఒక్కో అక్షరం ఒక్కో మాటకు మొదటి అక్షరమని చెప్పే కథలవి. పోటీ పరీక్షలకు చదివే పిల్లల నోట్సుల్లో 'ఫుల్ ఫారమ్స్' పేరుతో ఇవి పేజీలకు పేజీలు ఉంటాయి. కంప్యూటర్ అంటే 'కామన్‌లీ ఆపరేటెడ్ మెషీన్...' అని మొదలయ్యే పెద్ద వాక్యమట. న్యూస్ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అట. పరీక్షలో ఇలాంటివి రాసి మార్కులు పోగొట్టుకున్న పిల్లలను చూశాను. వాళ్లకు ఎవరో నమ్మకంగా చెప్పి ఉంటారు, ఆ నమ్మకాన్ని వాళ్లు గౌరవించారు. అందుకే ఈ పాఠం పిల్లలకు కూడా చెప్పండి.

కంప్యూటర్ అన్న ఇంగ్లిషు మాట 1613లోనే అచ్చులో ఉంది. అప్పట్లో అది యంత్రం కాదు, లెక్కలు కట్టే మనిషి. లెక్కించడం అనే అర్థమున్న లాటిన్ మాట దానికి మూలం. యంత్రానికి ఆ పేరు పెట్టింది చాలా కాలం తర్వాత. మనిషిని పిలిచిన మాటలో 'మెషీన్' ఎలా దాక్కుంటుంది? న్యూస్ సంగతి ఇంకా తేలిక. న్యూ అంటే కొత్త, దానికి బహువచనం న్యూస్. మనం 'ఏంటి కొత్త సంగతులు?' అన్నట్టే. ఫ్రెంచివాళ్ల 'నువెల్' కూడా అలా వచ్చిందే. పాత ఇంగ్లిషు రాతల్లో ఆ మాటను ఎన్, ఈ, డబ్ల్యూ, ఈ, ఎస్ అని ఐదు అక్షరాలతో రాసేవారు. అందులో 'ఈ'లు రెండు. దిక్కుల్లో తూర్పు ఒక్కటే.

పొడి అక్షరాలు కలిసి మాటగా మారడం అసలు జరగదని కాదు. రాడార్ అలా పుట్టిందే, 1940లో అమెరికా నౌకాదళంలో. లేజర్ 1950ల చివర పుట్టింది. ఈ అలవాటు ఇంగ్లిషులో బలపడింది ఇరవయ్యో శతాబ్దిలోనే. కాబట్టి 1900 కన్నా ముందు వాడుకలో ఉన్న మాటకు ఎవరైనా ఫుల్ ఫారం చెబితే ముందు అనుమానించండి.

ఇక మనసుకు దగ్గరైన ఉదాహరణ. 'గు' అంటే చీకటి, 'రు' అంటే దాన్ని పోగొట్టేది, అందుకే గురువు అని ప్రతి గురుపూజ సభలో వింటాం. అద్వయతారకోపనిషత్తులో ఆ శ్లోకం ఉంది. నేనూ ఎన్నో ఏళ్లు అలాగే చెప్పాను. అయితే 'గురు' అన్న మాట అంతకన్నా చాలా పాతది. ఋగ్వేదంలోనే 'బరువైన' అనే అర్థంలో ఉంది. లాటిన్ 'గ్రావిస్', గ్రీకు 'బరూస్' దాని చుట్టాలు, రెండిటికీ అర్థం బరువే. అంత దూరం పోనక్కర్లేదు. ఛందస్సు నేర్చుకున్నవాళ్లు గురువు, లఘువు గుర్తించి గణాలు కట్టి ఉంటారు. అక్కడ గురువు చీకటి పోగొట్టదు, రెండు మాత్రల బరువు మోస్తుంది. గురుత్వాకర్షణలోనూ అదే బరువు. పెద్దరికం, తూకం ఉన్న మనిషి కాబట్టి ఆయన గురువు.

శ్లోకాన్ని తీసిపారేయమని నేను అనను. గురువు ఏం చేయాలో అది చెబుతుంది, అదొక ధ్యానం. మాటను అక్షరాలుగా విడదీసి లోతైన అర్థం చూపే నిరుక్తి పద్ధతి మన సంప్రదాయంలో ఎప్పటినుంచో ఉంది. మాట ఎక్కడి నుంచి నడిచి వచ్చిందన్నది వేరే ప్రశ్న. సభలో శ్లోకం చదవండి, పాఠంలో చరిత్ర చెప్పండి.

వయసు ఎక్కడ చూడాలి? తెలుగు మాటైతే 'ఆంధ్రభారతి' వెబ్‌సైటులోని నిఘంటు శోధనలో మొదలుపెట్టండి. బ్రౌన్ నిఘంటువు (1852), శబ్దరత్నాకరం (1885), సూర్యరాయాంధ్ర నిఘంటువు అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. శబ్దరత్నాకరంలో, సూర్యరాయాంధ్రలో ఏ కావ్యంలో ఏ పద్యంలో వాడారో కూడా ఉంటుంది. మీకు కావలసింది ఆ ప్రయోగమే. కవి కాలం తెలిస్తే మాట వయసుకు ఒక హద్దు దొరికినట్టే. తమిళ, కన్నడ చుట్టాలు కావాలంటే బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఉంది.

ఒక్క జాగ్రత్త మరిచిపోకండి. పాత పుస్తకంలో మాట దొరికితే అది సాక్ష్యం. దొరక్కపోతే అది సాక్ష్యం కాదు. వడ్రంగి కొట్టంలోనో, వంటింట్లోనో, పడవ మీదో వందల ఏళ్లు తిరిగిన మాట ఏ కవికీ అవసరపడకపోవచ్చు. బ్రౌన్ దగ్గర లేదు కాబట్టి 1852 తర్వాతే పుట్టిందని రాస్తే, మన తాతమ్మల నోటిని లెక్కలోంచి కొట్టేసినట్టు. ఈ పరీక్ష ఒక వైపే పనిచేస్తుంది.

వచ్చే పాఠానికి పని ఇది. 15వ శతాబ్దిలో వచ్చిన ఇటలీ యాత్రికుడు నికోలో దె కాంటీ మన భాషను 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అన్నాడని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆయన ప్రయాణాలను పొగ్గియో అనే ఇటలీ పండితుడు లాటిన్‌లో రాసిపెట్టాడు. దాని ఇంగ్లిషు అనువాదాన్ని, పాత యాత్రా కథనాలను అచ్చువేసే హక్లూట్ సొసైటీ 1857లో ప్రచురించింది. ఉచితంగా దొరుకుతుంది, కాంటీ భాగం పెద్దదేమీ కాదు. ఆ మాట అందులో ఏ పేజీలో ఉందో వెతకండి. దొరికితే పేజీ సంఖ్య, చుట్టుపక్కల వాక్యాలు రాసుకురండి. దొరక్కపోతే, ఆ మాట మీకు కనిపించిన అన్నిటికన్నా పాత పుస్తకం పేరు, సంవత్సరం రాసుకురండి.