వైన్‌లో విండోస్ ప్రోగ్రామ్ మొరాయిస్తే

వైన్‌ను చాలామంది లైనక్స్‌లో దాగిన విండోస్ అనుకుంటారు. నిజానికి అది దుబాసీ. ప్రోగ్రామ్ విండోస్ భాషలో అడిగిన పనిని లైనక్స్‌తో చేయించి పెడుతుంది. 1993లో మొదలైన ఈ పని 1.0కు చేరడానికి 2008 దాకా పట్టింది. ఆ దుబాసీకి రాని మాటలు ఇప్పటికీ ఉన్నాయి. ప్రోగ్రామ్ ఏ మాట దగ్గర ఆగిందో పట్టుకోగలిగితే సగం మరమ్మతు అయినట్టే.

రెండుసార్లు నొక్కినా ఏమీ జరగడం లేదు

అందరికీ ఎదురయ్యేది ఇదే. వెంటనే వైన్‌ను తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. దయచేసి ఆగండి. టెర్మినల్ తెరిచి, ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లి, ‘వైన్’ అని టైపు చేసి పక్కన ఫైలు పేరు ఇవ్వండి. బోలెడు వరుసలు దొర్లుతాయి. ‘ఫిక్స్‌మీ’ అని ఉన్నవి వైన్ రాసేవాళ్లు తమకోసం పెట్టుకున్న గుర్తులు, చాలావరకు వదిలేయవచ్చు. ఈ, ఆర్, ఆర్ అక్షరాలు (‘ఎర్రర్’కు పొట్టి రూపం) ఉన్న వరుసల్లో మొట్టమొదటిది చూడండి. మిగతావి తరచూ దాని వెనక వచ్చిన గోలే.

అక్కడ ఏదో డీఎల్ఎల్ (ప్రోగ్రామ్‌లు వాడుకునే సహాయక ఫైలు) దొరకలేదని ఉంటే దొంగ దొరికినట్టే. ఉదాహరణకు ఎంఎస్‌వీసీపీ140 అని కనబడితే, మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ లేదని అర్థం. ఇలాంటివి వైన్‌లోకి ఎక్కించిపెట్టే సాధనం వైన్‌ట్రిక్స్‌. అందులో వీసీరన్2022 ఎంచుకుంటే సరిపోతుంది. ఆ ఒక్క ఫైలునే ఏదో సైటు నుంచి దించి ఫోల్డర్‌లో పడేయకండి. వెర్షన్ కుదరదు, వైరస్ మాత్రం కుదురుకోవచ్చు.

మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ మీద నడిచే ప్రోగ్రామ్ అయితే ముందు దానికి బదులుగా వైన్‌కు ఉన్న మోనోతో ప్రయత్నించండి. కుదరకపోతేనే అసలు డాట్‌నెట్ 4.8. దాన్ని కొత్త ప్రిఫిక్స్‌లో (అదేమిటో కిందే ఉంది) ఎక్కించండి. చాలాసేపు పడుతుంది, ఆగిపోయిందనుకొని మధ్యలో మూసేయవద్దు.

ప్రిఫిక్స్ అంటే మీ హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉండే ‘డాట్ వైన్’ లాంటి ఫోల్డర్. సీ డ్రైవు, విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీ అన్నీ అందులోనే ఉంటాయి. వైన్‌ప్రిఫిక్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో వేరే ఫోల్డర్ ఇస్తే కొత్తది తయారవుతుంది. నేను ప్రోగ్రామ్‌కు ఒకటి చొప్పున పెట్టుకుంటాను. ఒకటి పాడైతే దాన్నే చెరిపేస్తాను, పక్కది చెక్కుచెదరదు.

డెబియన్, ఉబుంటులలో 32 బిట్ వైన్ లేదని టెర్మినల్ చెబితే, ఐ386 (అంటే 32 బిట్) ఆర్కిటెక్చర్ చేర్చి వైన్32 ప్యాకేజీ ఎక్కించండి.

తెలుగు కనబడటం లేదు

ఇందులో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

అక్షరాల చోట డబ్బాలు కనబడితే ఫాంటు లేనట్టు. ప్రోగ్రామ్ విండోస్‌లో ఉండే గౌతమిని అడుగుతుంది, మన దగ్గర అది ఉండదు. లైనక్స్‌లో నోటో సాన్స్ తెలుగు గానీ లోహిత్ గానీ ఎక్కిస్తే వైన్‌కూ అందుతుంది. ఫాంటు మార్చుకునే వీలులేని ప్రోగ్రామ్ అయితే వైన్ రిజిస్ట్రీలో ఫాంట్స్ కింద ‘రీప్లేస్‌మెంట్స్’ అనే చోట గౌతమికి బదులు దీని పేరు ఇవ్వండి.

డబ్బాలు కాకుండా ఇంగ్లీషు అక్షరాలు, వింత గుర్తులు కలగాపులగంగా వస్తే అది అను లాంటి పాత డీటీపీ ఫాంటుతో కొట్టిన ఫైలు. లోపల ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. కాబట్టి ఎన్ని యూనికోడ్ ఫాంట్లు ఎక్కించినా లాభం లేదు. సరిగ్గా ఆ ఫాంటు ఫైలునే ప్రిఫిక్స్‌లోని విండోస్ ఫోల్డర్‌లో, ఫాంట్స్‌లోకి కాపీ చేయాలి. వైన్‌లో నడిచే తెలుగు కీబోర్డ్ ప్రోగ్రామ్ లైనక్స్ ప్రోగ్రామ్‌లలో కూడా టైపు చేస్తుందని ఆశించకండి. దాని ఏలుబడి వైన్ గడప దాటదు.

అక్షరాలు మరీ చిన్నవిగా ఉంటే వైన్ కాన్ఫిగరేషన్‌లో గ్రాఫిక్స్ ట్యాబ్‌కు వెళ్లి డీపీఐ దగ్గర ఉన్న 96ను 144 చేయండి.

డాంగిల్, వేలిముద్ర యంత్రం పనిచేయడం లేదు

సొంత విండోస్ డ్రైవర్ ఉంటేనే కదిలే పరికరాలకు వైన్‌లో సాధారణంగా దారి లేదు. రోజులు వృథా చేసుకోకుండా వర్చువల్ మెషీన్‌లో విండోస్ పెట్టుకోండి. ప్రింటరుకు ఈ బెంగ లేదు, లైనక్స్‌లో పనిచేస్తే వైన్‌లోనూ కనబడుతుంది.

నిన్న నడిచింది, ఈరోజు ప్రిఫిక్స్ మీది కాదంటోంది

ఎప్పుడో సుడోతో, అంటే రూట్ అనే సర్వాధికారి హోదాలో, నడిపి ఉంటారు. ఫైళ్లు రూట్ పేరు మీదికి పోయాయి. ఆ ఫోల్డర్ మొత్తాన్ని చౌన్ కమాండ్‌తో తిరిగి మీ పేరు మీదికి మార్చండి. ఇకపై వైన్‌కు సుడో వాడకండి. జెడ్ డ్రైవు పేరుతో విండోస్ ప్రోగ్రామ్‌కు మీ డిస్కంతా కనబడుతూనే ఉంటుంది. సుడో ఇస్తే, అందులో దేన్నయినా చెరిపే అధికారం కూడా ఇచ్చినట్టే.