పాత బేస్‌బాల్ ఆట కార్డులు కొనేముందు: కాలనిర్ణయంలో, అసలు-నకిలీ గుర్తింపులో జాగ్రత్తలు

అమెరికాలో వేసవి రాగానే ఎస్టేట్ సేల్స్, గరాజ్ సేల్స్ జోరందుకుంటాయి. అటకల మీద అరవై, డెబ్బై ఏళ్లుగా పడి ఉన్న బేస్‌బాల్ ఆట పెట్టెలు చాలావరకు అప్పుడే బయటికి వస్తాయి. పిల్లలను లిటిల్ లీగ్‌లో చేర్చి, వారితో పాటు తామూ ఈ ఆట మీద మక్కువ పెంచుకున్న తెలుగు తల్లిదండ్రులు అలాంటి పెట్టె కనబడినప్పుడు తొందరపడి డబ్బు చెల్లించకుండా ఉండేందుకు ఈ జాగ్రత్తలు రాస్తున్నాను. ఇక్కడ చెబుతున్నవి బబుల్‌గమ్‌తో వచ్చిన మామూలు ఆటగాళ్ల కార్డులు కావు. బంతి, స్ట్రైక్, సింగిల్, హోమ్ రన్ వంటి ఫలితాలు అచ్చువేసి, పేకముక్కల్లా తిప్పుకుంటూ ఆడేందుకు తయారుచేసినవి, లేదా పాచికలతోనో తిరిగే ముల్లుతోనో కలిపి ఆడేవి.

అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవలసింది, పెట్టె మీద ఉన్న సంవత్సరం కార్డుల వయసును నిరూపించదు. కాపీరైట్ సంవత్సరం ఆట హక్కులకు సంబంధించినది; అదే పెట్టెను ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అచ్చువేసి ఉండవచ్చు. మాజీ ఆటగాడు ఈథన్ అలెన్ రూపొందించగా కడాకో-ఎలిస్ సంస్థ 1941లో విడుదల చేసిన ఆల్-స్టార్ బేస్‌బాల్‌నే తీసుకోండి. అందులో ఒక్కొక్క ఆటగాడికి ఒక గుండ్రటి అట్టబిళ్ల ఉంటుంది. దాని అంచున ఉన్న అంకెల మీద ముల్లు ఆగుతుంది. 1 దగ్గర ఆగితే హోమ్ రన్, 10 దగ్గర ఆగితే స్ట్రైకౌట్. కొత్త ఆటగాళ్ల బిళ్లలు తరచుగా వస్తుండేవి కాబట్టి, ఆడుకున్న పిల్లలు వాటిని పాత పెట్టెలోనే వేసి ఉంచేవారు. అందువల్ల పెట్టెకు ఒక తేదీ, బిళ్లలకు వేరొక తేదీ ఉండడం మోసం కాదు. కానీ పెట్టె తేదీకి తగిన ధరను బిళ్లలన్నిటికీ కలిపి అడిగితే ఒప్పుకోకూడదు. పాచికలతో ఆడే ఆప్‌బా, స్ట్రాట్-ఓ-మాటిక్ అనే ఆటల కార్డుల విషయంలో ఇంకో చిక్కు ఉంది. పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ నుంచి 1951లో వెలువడిన ఆప్‌బా మొదటి కార్డులు 1950 సీజన్ గణాంకాల మీద ఆధారపడినవి. అంటే కార్డు చెప్పే సీజన్ వేరు, అచ్చయిన ఏడాది వేరు. పైగా ఈ కంపెనీలు పాత సీజన్ల కార్డులను చాలా ఏళ్ల తర్వాత కొత్తగా కూడా అచ్చువేశాయి.

మరి నమ్మదగిన సాక్ష్యం ఏది? నా అనుభవంలో ఆటగాడి పేరు పక్కన ఉన్న జట్టును మించినది లేదు. బ్రేవ్స్ 1953లో బోస్టన్ నుంచి మిల్వాకీకి, 1966లో అట్లాంటాకు తరలిపోయారు; డాడ్జర్స్, జెయింట్స్ 1958లో న్యూయార్క్ వదిలి కాలిఫోర్నియా చేరారు. ఇక ఆటగాళ్ల బదిలీలు ఒకే సీజన్‌లో ముందు, వెనక ఏదో కూడా చెప్పేస్తాయి. టాప్స్ అనే కార్డుల కంపెనీ 1951లో అమ్మిన, వెనకవైపు ఎరుపు రంగున్న రెడ్ బ్యాక్స్ అనే ఆట కార్డులలో గస్ జెర్నియల్ కార్డు రెండు రకాలుగా దొరుకుతుంది: ఒకదానిలో షికాగో, మరొకదానిలో ఫిలడెల్ఫియా. ఆయన జట్టు మారింది ఆ ఏడాది ఏప్రిల్ చివరలో కాబట్టి, ఫిలడెల్ఫియా పేరున్న కార్డు ఆ తర్వాతిది. టామీ హోమ్స్ కార్డులోనూ అలాగే బోస్టన్, హార్ట్‌ఫర్డ్ అనే రెండు రకాలున్నాయి. రెడ్ బ్యాక్స్, వాటితో పాటు వచ్చిన నీలం రంగు బ్లూ బ్యాక్స్ ఒక్కొక్కటి 52 కార్డుల కట్ట. ప్రసిద్ధ ఆటగాడు మికీ మాంటిల్ ఈ రెండింటిలోనూ లేడు. కనుక 1951 నాటి మాంటిల్ రెడ్ బ్యాక్ అని ఎవరైనా చూపితే బేరం అక్కడితో ఆపేయడమే మంచిది. పెట్టె మీది చిరునామా కూడా సాయపడుతుంది: అందులో ఐదంకెల జిప్ కోడ్ ఉంటే అది 1963 జూలైకి ముందుది కాదు, బార్ కోడ్ ఉంటే 1974కు ముందుది కాదు.

జట్టు సరిపోయినంత మాత్రాన కార్డు అసలుదని తేలిపోదు, ఎందుకంటే అచ్చు తీసిన నకలులోనూ జట్టు పేరు అదే ఉంటుంది. అందుకే పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం లేకుండా కార్డులు కొనడానికి వెళ్లవద్దు. ఫొటోలో రంగు చుక్కలు కనబడడం సహజమే. చూడవలసింది నల్లటి అక్షరాలను. పాత అచ్చులో అక్షరం నిండుగా, గట్టి అంచుతో ఉంటుంది. స్కాన్ చేసి తీసిన నకలులో అదే అక్షరం రంగురంగుల చుక్కలుగా విడిపోయి, అంచు మసకగా కనబడుతుంది. ఆ తర్వాత చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద పట్టి చూడండి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు రెండవ ప్రపంచయుద్ధం తర్వాతే విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. కాబట్టి సిన్సినాటిలో తయారైన 1900ల నాటి ఫ్యాన్ క్రేజ్ కార్డో, 1913 నాటి టామ్ బార్కర్ ఆట కార్డో అంటూ ఇచ్చినది నీలితెలుపుగా ప్రకాశిస్తే దాన్ని గట్టిగా అనుమానించాలి. 1968 నాటి కార్డు ప్రకాశించినా, ప్రకాశించకపోయినా దాన్నిబట్టి ఏదీ తేల్చలేము. ఈ పరీక్ష యుద్ధానికి ముందువాటికే పనికొస్తుంది.

కొలతలను తప్పక సరిచూడాలి. రెడ్ బ్యాక్స్ వెడల్పు 2 అంగుళాలు, పొడవు 2 5/8 అంగుళాలు. టాప్స్ 1968లో మామూలు ప్యాకెట్లలో అదనంగా పెట్టిన 33 ఆట కార్డులు 2 1/4, 3 1/4 అంగుళాలవి. రెండు రకాల మూలలూ పేకముక్కలకు ఉన్నట్లే గుండ్రంగా ఉంటాయి. అరిగిన మూలను మళ్లీ కత్తిరించి కొత్తదానిలా చూపే మోసం ఇలాంటి కార్డులకే ఎక్కువగా సరిపోతుంది కనుక నాలుగు మూలల వంపూ ఒకటేనా, అదే కట్టలో చవకగా దొరికే మరో ఆటగాడి కార్డుతో కలిపి పేరిస్తే అంచులు సమంగా వస్తున్నాయా అని పరీక్షించండి. కార్డును పరీక్షించి దాని స్థితికి గ్రేడ్ ఇచ్చే గ్రేడింగ్ కంపెనీ ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఉంది కదా అని ఈ పరీక్షను మానుకోకూడదు. అలాంటి గ్రేడింగ్ కంపెనీల్లో ఒకటైన పీఎస్‌ఏ సంస్థ మొట్టమొదట గ్రేడ్ ఇచ్చిన కార్డు సిగరెట్ ప్యాకెట్లతో వచ్చిన హోనస్ వాగ్నర్ కార్డు; దాని అంచులను తానే కత్తిరించానని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. ప్లాస్టిక్ పెట్టెలకూ నకిలీలున్నాయి కాబట్టి దాని మీది సంఖ్యను ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికి, ఆటగాడి పేరు, గ్రేడ్, వీలైతే ఫొటో కూడా పోల్చుకోవాలి.

పరీక్ష పూర్తయ్యేదాకా కార్డును తుడవడం, రబ్బరుతో రుద్దడం, తడిగుడ్డ తగిలించడం, టేపు అతికించడం ఏదీ చేయవద్దు. మిఠాయి మరక, పెన్సిల్ గీత, పెట్టెలో మిగిలిన స్కోరు కాగితం చూడటానికి చెత్తలా ఉన్నా, అవి కూడా సాక్ష్యాలే. పాత రబ్బరు బ్యాండు కార్డుకు అంటుకుపోయి ఉంటే లాగకండి. కత్తెరతో తెంచి, ఊడివచ్చిన ముక్కలను మాత్రమే తీయండి. పీవీసీ కవర్లలోని రసాయనం కాలక్రమేణా అచ్చును పాడుచేస్తుంది కనుక పాలీప్రొపిలీన్ కవర్లు వాడండి.

ఆన్‌లైన్‌లో కొంటే ముందువైపు, వెనకవైపు, నాలుగు అంచులు విడివిడిగా తీసిన ఫొటోలు అడగండి. ఒక్క కార్డుకే డబ్బంతా పెడుతున్నప్పుడు, నకిలీ అని తేలితే తిరిగి తీసుకుంటానన్న మాటను అమ్మేవారి చేత రాతలో తీసుకోండి. పార్సిల్ విప్పుతున్నప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీసి, వాపసు గడువు ముగిసేదాకా ఆ వీడియోనూ, ప్యాకింగ్ సామానునూ పారేయకుండా ఉంచండి.