గీజర్ ప్లగ్ ఎందుకు కాలిందో లెక్కేస్తే తెలిసింది

గీజర్ వేసిన పది నిమిషాలకే బాత్రూమ్ బయట కాలిన వాసన. ప్లగ్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, టెన్షన్ పట్టుకుంది. వెంటనే ఎంసీబీ దించేసి, తెలిసిన ఎలక్ట్రీషియన్ తమ్ముణ్ణి పిలిచాను.

మాది 2000 వాట్ల గీజర్. 230 వోల్టుల దగ్గర దాని రెసిస్టెన్స్ (కరెంటుకు కాయిల్ ఇచ్చే అడ్డు) 230 × 230 ÷ 2000, అంటే సుమారు 26.5 ఓములు ఉండాలి. తమ్ముడు క్లాంప్ మీటర్‌ని (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) ఒక్క ఫేజ్ వైరుకే తగిలించాడు (రెండు వైర్లూ కలిపి పెడితే సున్నా చూపిస్తుంది). కరెంటు 8.3 ఆంపియర్లు. గీజర్ టెర్మినల్స్ దగ్గర 220 వోల్టులు. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే రెసిస్టెన్స్ వస్తుంది: 220 ÷ 8.3 = 26.5. అంటే గీజర్ కాయిల్‌లో ఏ తప్పూ లేదు!

మరి మీటరు బోర్డు దగ్గర 229 ఉంది. మధ్యలో 9 వోల్టులు ఎక్కడ పోతున్నాయి? 9 × 8.3 = 75 వాట్లు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు (లోహాన్ని కరిగించి వైర్లు అతికించేవి) మూడు గోడలో పెట్టినట్టే. అది చూశాక నాకు నిజంగా భయమేసింది.

సాకెట్ విప్పితే ఫేజ్ స్క్రూ వదులుగా ఉంది, ఇత్తడి నల్లబడింది, వైరు తొడుగు పెళుసై రాలిపోతోంది. కాలిన ముక్క కోసేసి, కొత్త 16 ఆంపియర్ల సాకెట్, కొత్త ప్లగ్ వేయించాం. ఇప్పుడు గీజర్ దగ్గర 227 వోల్టులు, 8.6 ఆంపియర్లు. మిగిలిన 2 వోల్టులు వైరు పొడవునా పోయేవి. అరగంట నడిపి ప్లగ్ ముట్టుకున్నాను, గోరువెచ్చగా కూడా లేదు.