డెస్క్‌టాప్ ఆన్ కావడం లేదా? ర్యామ్ తీసి పెట్టే పద్ధతి ఇదీ

కంప్యూటర్ ఆన్ కాకపోతే చాలామంది వెంటనే విండోస్ మళ్లీ ఎక్కించాలంటారు. స్క్రీన్ మీద కంపెనీ లోగో కూడా రానప్పుడు విండోస్‌ని అనుమానించడం దండగ. అది ఇంకా రంగంలోకే దిగలేదు.

ముందు ప్లగ్, పవర్ కేబుల్, క్యాబినెట్ వెనక ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా) మీదుండే చిన్న స్విచ్ చూడండి. సాకెట్‌లో కరెంటు ఉందో లేదో వేరే వస్తువు పెట్టి తేల్చుకోండి. ఫ్యాన్లు తిరుగుతున్నా బొమ్మ రాకపోతే, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నట్టయితే మానిటర్ కేబుల్ దానికే ఉందా, పొరపాటున మదర్‌బోర్డుకి పెట్టారా చూడండి. అదీ సరిగ్గానే ఉంటే ఇక ర్యామ్, అంటే మదర్‌బోర్డు స్లాట్‌లో గుచ్చి ఉండే పొడవాటి మెమరీ పలక. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకేయాలి. తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన ఛార్జ్ పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకి, క్లిప్పులు వెనక్కి నెట్టి ర్యామ్‌ని అంచులతో పట్టుకుని తీయండి. కొన్ని బోర్డుల్లో క్లిప్పు ఒకవైపే ఉంటుంది, రెండోది వెతుకుతూ విరగ్గొట్టకండి.

బంగారు రంగు గీతలను ఎరేజర్‌తో రుద్దమని చెప్పేవాళ్లు కోకొల్లలు. నేను ససేమిరా ఒప్పుకోను. ఆ పొట్టు స్లాట్‌లో పడుతుంది, పైపూత అరుగుతుంది. మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. నోటితో ఊదడమైతే ఇంకా ఘోరం, తుంపర్లు పడతాయి.

పెట్టేటప్పుడు ర్యామ్ మీది గాటు స్లాట్‌లోని గట్టుకి సరిపోవాలి. సరిపోకపోతే తిప్పి చూడండి, బలవంతం వద్దు. పాత తరం డీడీఆర్4 ర్యామ్ కొత్త తరం డీడీఆర్5 స్లాట్‌లో ఎటు తిప్పినా పట్టదు. సరిపోయాక రెండు చివర్లా బొటనవేళ్లతో టక్‌మని క్లిప్పు పడేదాకా నొక్కాలి. బోర్డు కాస్త వంగినట్టు అనిపించగానే భయపడి సగంలో వదిలేస్తారు. సగం దిగిన ర్యామ్‌తో స్క్రీన్ వెలగదు.

రెండు ర్యామ్‌లున్నా మొదట ఒక్కటే పెట్టండి, ఇందులో వాదన లేదు. నాలుగు స్లాట్లుంటే చాలా బోర్డుల్లో ప్రాసెసర్ నుంచి రెండోది సరైనది. డీడీఆర్5 అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు, టెన్షన్ పడి ఆపేయకండి.

ఫలితం లేకపోతే రెండో ర్యామ్‌తో, వేరే స్లాట్‌లో ప్రయత్నించండి. ఆ తర్వాత మళ్లీ ప్లగ్ తీసి, బోర్డు సెట్టింగులు మొదటికి రావడానికి దాని మీది సీఆర్2032 సెల్‌ని (గుండ్రటి బిళ్ల బ్యాటరీ) ఐదు నిమిషాలు బయట ఉంచి పెట్టండి. చివరగా మిగిలేది ఎస్‌ఎంపీఎస్ మార్చి చూడటం. దాని మూత మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసినా కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జ్ నిలిచి ఉండొచ్చు. కొత్తదానికి పాతదాని మాడ్యులర్ కేబుళ్లు (ఊడదీయడానికి వీలున్నవి) తగిలించకండి. పిన్నుల అమరిక వేరైతే బోర్డు కాలిపోవచ్చు.